చివరి రోజుల్లో ఉన్న విశ్వాసి పక్కన సంఘం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పాస్టర్‌ని కాదు. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా అయ్యగారితో (మా పాస్టర్‌గారు), ఆయన భార్య అమ్మగారితో, స్త్రీల సమాజంలోని మరో ముగ్గురితో కలిసి మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్తున్నాను. గుంటూరు వైపు పల్లెల్లో, అప్పుడప్పుడూ హైదరాబాద్ ఆసుపత్రుల్లో జనం మమ్మల్ని అడిగినవే ఇక్కడ రాశాను. మాది ప్రొటెస్టెంట్ సంఘం. కథోలిక పద్ధతి వేరుగా ఉన్నచోట ఆ మాట కూడా చెప్పాను.

పాస్టర్‌గారిని ఎప్పుడు పిలవాలి? డాక్టర్లు చేతులెత్తేశాకా?

అంతకంటే చాలా ముందు పిలవండి. జబ్బు నయమయ్యేది కాదని తెలిసిన వారంలోనే పిలిస్తే మంచిది. మనవాళ్లలో ఒక భయం ఉంది, అయ్యగారు నూనె సీసాతో గుమ్మంలోకి వచ్చారంటే ఇక అయిపోయినట్టేనని పేషెంట్ అనుకుంటాడని. అందుకే ఊపిరి అందనప్పుడు, మాట పడిపోయాక రాత్రి రెండింటికి ఫోన్ చేస్తారు. అప్పుడు వచ్చిన కాపరి ప్రార్థన చేయగలడు, కానీ ఆ మనిషితో మాట్లాడలేడు, ఆయన మనసులో ఏముందో వినలేడు.

యాకోబు పత్రిక 5వ అధ్యాయం 14వ వచనం చూడండి. మీలో ఎవడైనా రోగియై ఉంటే సంఘపు పెద్దలను పిలిపించాలని ఉంది, చనిపోబోతుంటే పిలిపించాలని లేదు. రోగికి నూనె రాసి ప్రార్థించడాన్ని కథోలికులు కూడా ఒకప్పుడు చివరి అభ్యంగనం అనేవాళ్లు. రెండో వాటికన్ మహాసభ 1963లో దీన్ని వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అనడమే సరైనదని చెప్పింది, 1972లో కొత్త క్రమం వచ్చింది. జబ్బు తీవ్రమైన వెంటనే ఇవ్వొచ్చు, పరిస్థితి ముదిరితే మళ్లీ ఇవ్వొచ్చు. అయినా ఆ పాత భయం ఇళ్లలో ఇంకా పోలేదు.

వెళ్లాక ఏం మాట్లాడాలో తెలియట్లేదు. వచనాలు సిద్ధం చేసుకుని వెళ్లాలా?

ముందు కుర్చీ లాక్కుని కూర్చోండి. నిలబడి మాట్లాడితే, ఈయన ఎప్పుడు వెళ్లిపోతాడా అన్నట్టు ఉంటుంది పడుకున్న మనిషికి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ఇద్దరు వెళ్లండి, చాలు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆటోల్లో పదిహేనుమంది దిగి, చుట్టూ చేరి పెద్దగొంతుతో నాలుగు ప్రార్థనలు చేసి, కాఫీ తాగి వెళ్లిపోవడం ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు, కానీ ఆ రాత్రంతా ఆ మనిషి ఆయాసంతో నిద్రపోడు.

యోబు స్నేహితుల్ని మనం ఎప్పుడూ తప్పుబడతాం గానీ వాళ్లు ఒక మంచి పని చేశారు. ఏడు రాత్రింబవళ్లు నేలమీద అతనితో కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నోరు తెరిచాకే చెడగొట్టారు. "రాత్రి ఎలా గడిచిందండి?" అని అడిగి ఊరుకోండి. ఆయన పశువుల గురించి చెప్తే వినండి, మనవరాలి పరీక్షల గురించి చెప్తే వినండి. ఒకాయన నాతో గంటసేపు తన మిరప చేను గురించి మాట్లాడి, నేను లేవబోతుంటే "భయంగా ఉందమ్మా" అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు ఆ గంట కావాల్సి వచ్చింది.

ఒక్క వచనం, నెమ్మదిగా, రెండుసార్లు చదివితే చాలు. 23వ కీర్తన, యోహాను 14 మొదటి మూడు వచనాలు, రోమా 8 చివరి భాగం, వీటిలో ఏదైనా సరే. ఆయనకు ఇష్టమైన వచనం ఏదని అడిగి అదే చదివితే ఇంకా మంచిది.

"అంతా మన మంచికే", "దేవుడు మంచి పువ్వుల్నే ముందు కోసుకుంటాడు", "మా బావగారికీ ఇదే క్యాన్సర్, ఆరు నెలల్లో పోయారు", ఈ మూడూ దయచేసి అనకండి. మూడూ నేను నా చెవులతో విన్నాను.

జబ్బు సంగతి నాన్నకు చెప్పొద్దని అన్నయ్య అంటున్నాడు. సంఘం వాళ్లు వచ్చినప్పుడు నోరు జారితే?

తెలుగు ఇళ్లలో ఇది లేని ఇల్లు నేను చూడలేదు. తండ్రికి చెప్పరు, తండ్రేమో తెలిసినా తెలియనట్టు ఉంటాడు, పిల్లలు వరండాలో ఏడ్చి ముఖం కడుక్కుని లోపలికి వచ్చి "గ్యాస్ ట్రబుల్ నాన్నా, తగ్గిపోతుంది" అంటారు. ఇందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ ప్రేమ ఆ మనిషిని ఒంటరిని చేస్తుంది. తనకు తెలిసిన సంగతి తనవాళ్లతో మాట్లాడుకోలేకుండా అయిపోతాడు.

జబ్బు పేరు చెప్పడం డాక్టర్ పని, సంఘం పని కాదు. మేము వెళ్లి "మీకు లివర్ క్యాన్సరండీ" అని చెప్పము. అబద్ధం కూడా చెప్పము. ఇది ఇంటివాళ్లకు ముందే చెప్తాం: మేమై మేం చెప్పం, ఆయన అడిగితే మాత్రం ఏమీ లేదని అనలేం. ఆయన నిజంగా అడిగినప్పుడు ఎదురు ప్రశ్న వేస్తాం, "మీకేమనిపిస్తోంది?" అని. పదిమందిలో ఎనిమిదిమంది అప్పటికే తెలుసంటారు. ఇది నా అనుభవంలో లెక్క, పరిశోధన కాదు. మిగతావాళ్లు మాట మారుస్తారు. అంటే ఈ రోజు వద్దని అర్థం. వదిలేయాలి.

హిజ్కియా రాజుకు రోగం వస్తే యెషయా ప్రవక్త వచ్చి నువ్వు బతకవు, ఇల్లు చక్కబెట్టుకో అన్నాడు. అదే మాటను మా అయ్యగారు పిల్లలకు చెప్తారు: ఇల్లు చక్కబెట్టుకునే అవకాశం మీ నాన్నగారి దగ్గర్నుంచి లాక్కోకండి అని. ఇల్లంటే ఆస్తి ఒక్కటే కాదు. ఆయన మాట్లాడాల్సిన చెల్లెలు ఉంటుంది, తీర్చాల్సిన మాట ఉంటుంది, చిన్న కొడుక్కి అప్పగించాల్సిన అమ్మ ఉంటుంది.

స్వస్థత కోసం ప్రార్థించాలా, వద్దా? చావు గురించి మాట్లాడితే అవిశ్వాసం అవుతుందా?

మాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే.

స్వస్థత కోసం ప్రార్థించండి. నేనూ చేస్తాను. నా సర్వీసులో డాక్టర్లు ఆశ వదులుకున్న ఒకరిద్దరు నడిచి ఇంటికి వెళ్లడం చూశాను. కానీ ప్రార్థన వేరు, మంచం మీద ఉన్న మనిషికి విశ్వాస పరీక్ష పెట్టడం వేరు. "నీకు విశ్వాసం ఉంటే ఈపాటికి లేచేదానివి" అనే మాట ఎవరి నోట్లోంచి వచ్చినా అది ఆదరణ కాదు.

ఒక అక్క సంగతి చెప్తాను. రొమ్ము క్యాన్సర్, ఎముకలకు పాకింది. స్వస్థత కూడికలు పెట్టే ఒక బృందం వాళ్లు ఇంటికి వచ్చి, మందులు వాడుతున్నంతకాలం దేవుడు పనిచేయడని చెప్పి మాత్రలు మాన్పించారు. పన్నెండు రోజులు ఆ అక్క నొప్పితో అరిచింది. ఇరుగుపొరుగు కిటికీలు మూసుకున్నారు. ఇరవయ్యో రోజున చనిపోయింది. నన్ను ఇప్పటికీ వదలనిది ఆ నొప్పి కంటే కూడా ఆమె అడిగిన ప్రశ్న. "నాలో ఏ పాపం అడ్డొచ్చిందమ్మా, వెతికి వెతికి దొరకట్లేదు" అంది. ఆ బృందంవాళ్లు భూస్థాపనకు రాలేదు.

బైబిల్లో ఉన్న సంగతి చూడండి. ఎలీషా ఎన్నో అద్భుతాలు చేసినవాడు, రోగంతోనే చనిపోయాడు, రెండవ రాజులు 13వ అధ్యాయంలో ఉంది. పౌలు తన ముల్లు (ఒంట్లో వదలని బాధ) తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, జవాబుగా వచ్చింది కృప చాలునన్న మాట, ముల్లు పోలేదు. ఎంతోమందిని స్వస్థపరచిన అదే పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. వీళ్లలో ఎవరికీ విశ్వాసం తక్కువని బైబిల్ అనలేదు.

మేము ప్రార్థించే తీరు ఇది. మొదట స్వస్థత అడుగుతాం. తర్వాత ఈ రాత్రి నొప్పి లేకుండా నిద్ర అడుగుతాం. ఆ తర్వాత "ప్రభువా, నువ్వు ఏది చేసినా ఈమె చెయ్యి వదలొద్దు" అంటాం. ఆ మూడో మాటకే ఎక్కువమంది కళ్లు తుడుచుకుంటారు.

మార్ఫిన్ ఇస్తే ప్రాణం తొందరగా పోతుందట కదా? నొప్పి భరించడమే సిలువ మోయడమని మా పెద్దమ్మ అంటోంది.

పెద్దమ్మ భక్తిని గౌరవిస్తూనే చెప్తున్నాను, కాదు. డాక్టర్ నొప్పిని చూసి, చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయే మార్ఫిన్ ప్రాణం తీయదు. మొదటి రెండు మూడు రోజులు మత్తుగా ఉండొచ్చు, సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం తప్పకుండా వస్తుంది, అందుకే దానికి మందు కూడా మొదటిరోజు నుంచే రాయించుకోండి. నొప్పి తగ్గితే మనిషి రెండు ముద్దలు తింటాడు, నిద్రపోతాడు, ప్రార్థనలో మనసు పెట్టగలుగుతాడు. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి కీర్తన చదివితే ఏం చెవికెక్కుతుంది?

యేసు తనను సిలువ వేసేముందు ఇచ్చిన చేదు కలిపిన ద్రాక్షారసం రుచి చూసి తాగలేదు కదా అని కొందరు అడుగుతారు. ఆయన మోసింది మన అందరి భారం. అది ఆయన ఒక్కడి పని, క్యాన్సర్ పేషెంట్‌కు పెట్టిన నియమం కాదు. సామెతలు 31లోనేమో ప్రాణం పోతున్నవాడికి మద్యం ఇవ్వమనే ఉంది. ఆ కాలంలో వాళ్లకున్న నొప్పి మందు అదే.

నయం కాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే ఈ వైద్యాన్ని ఇప్పటి రూపానికి తెచ్చిన సిసిలీ సాండర్స్ గట్టి క్రైస్తవురాలు. నర్సుగా, సోషల్ వర్కర్‌గా చేసి, తర్వాత డాక్టర్ చదివి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోటు) మొదలుపెట్టారు. నొప్పి ఒంటిది మాత్రమే కాదు, మనసుదీ, ఇంటి పరిస్థితిదీ, ఆత్మదీ కూడా అని ఆవిడ చెప్పారు. అన్నీ కలిపి చూడకపోతే ఏదీ తగ్గదని ఆవిడ ఉద్దేశం. ఇరవై మాత్రలకూ లొంగని నొప్పి, విడిపోయిన కొడుకు వచ్చి పక్కన కూర్చుంటే సగానికి దిగడం నేను వార్డులో చూశాను. అలాగే ఎన్ని ప్రార్థనలకూ లొంగని నొప్పి ఒక మార్ఫిన్ మాత్రతో తగ్గడం కూడా చూశాను. రెండూ కావాలి.

మన దేశంలో మార్ఫిన్ దొరకడం ఒకప్పుడు గగనం, రకరకాల లైసెన్సులు కావాల్సి వచ్చేవి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక కొంత తేలికైంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం, అంటే ఈ నొప్పి, బాధ తగ్గించే వైద్యం చేసే విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు పెట్టారు. మీ డాక్టర్‌ని "పాలియేటివ్ కేర్ ఎక్కడుంది?" అని ఆ పేరుతోనే అడగండి. అడగకపోతే చాలాచోట్ల "ఇంటికి తీసుకెళ్లండి" అనే మాటతో సరిపెడతారు.

గొంతు దిగట్లేదు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. రొట్టెలో చిటికెడంత తుంచి ద్రాక్షారసంలో నానబెట్టి పెదవుల మధ్య పెడితే చాలు. అదీ కష్టమైతే రసంలో వేలి కొస ముంచి నాలుకకు తాకిస్తారు. కథోలిక గురువులు కూడా అప్పం మింగలేనివాళ్లకు ద్రాక్షారసం చుక్క ఇస్తారు. మంచం తలవైపు పైకి లేపి ఇవ్వండి, పడుకోబెట్టి వద్దు, పొలమారుతుంది. అసలు స్పృహ లేకపోతే బలవంతంగా నోట్లో పెట్టకండి. ఇంట్లోవాళ్లు మంచం చుట్టూ తీసుకుంటే ఆ బల్లలో ఆయనా ఉన్నట్టే. అయ్యగారు వస్తున్నారని తెలిసి ఒక ముసలమ్మ పక్కింటామెతో తలదువ్వించుకుని ఉతికిన చీర కట్టించుకుంది, నెలరోజుల తర్వాత మొదటిసారి. ఇలాంటి పని కోసం సంఘాలు నెలకొక రోజైనా కేటాయించాలి.

ఇప్పుడు బాప్తిస్మం కావాలంటున్నారు. నీళ్లలో ముంచే పరిస్థితి లేదు.

సీ.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాల్లో నీళ్లు చల్లి ఇస్తారు, ఇబ్బంది లేదు. కథోలికుల్లో అత్యవసరమైతే గురువు లేకపోయినా ఎవరైనా ఇవ్వొచ్చు. బాప్టిస్టు, బ్రదరెన్ సంఘాల్లో ముంచడమే పద్ధతి కాబట్టి అక్కడి కాపరి నిర్ణయించాలి. ఏ సంఘమైనా సిలువ మీద దొంగను మరిచిపోకూడదు. అతనికి బాప్తిస్మం లేదు, సంఘ సభ్యత్వం లేదు, అయినా "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అనే మాట విన్నాడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. అడగాల్సింది ఆ మనిషే. మగతలో ఉన్న మామగారికి కోడలు అడిగిందని ఇవ్వడం, ఆసుపత్రిలో పక్క బెడ్ మీదున్నవాళ్ల బలహీనతను చూసుకుని సువార్త చెప్పడం మేము చేయం. ప్రాణభయంతో ఉన్న మనిషి దేనికైనా తలూపుతాడు.

అమ్మ పాత తప్పులు తలచుకుని రాత్రుళ్లు ఏడుస్తోంది.

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా" అనకండి. వినండి, లేదా వినేవాళ్లను పిలవండి. కొన్ని సంగతులు కన్నబిడ్డలకు చెప్పలేరు, కాపరికో, అమ్మగారికో చెప్తారు. అలా విన్నది ఆ గదిలోనే ఉండిపోవాలి. సాక్ష్యంగానో, ఉపమానంగానో, పేరు మార్చో కూడా ప్రసంగంలో రాకూడదు. ఊళ్లో పేరు మార్చినంత మాత్రాన ఎవరో తెలియకుండా ఉండదు.

విన్నాక క్షమాపణ మాట స్పష్టంగా చెప్పాలి. "దేవుడు మంచివాడులే" అని తేల్చేయకుండా, పేరు పెట్టి పిలిచి, "యేసు నిన్ను క్షమించాడు" అని ఆమె కళ్లలోకి చూసి చెప్పాలి. మొదటి యోహాను 1:9 అక్కడ చదవొచ్చు. మనుషులతో తెగిపోయిన బంధమేదైనా ఉంటే కబురు పెట్టండి. గట్టు తగాదాతో పద్దెనిమిదేళ్లు మాటల్లేని అన్నదమ్ముల్లో తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. క్షమాపణలేవీ చెప్పుకోలేదు. "అన్నం తిన్నావా?" అని పెద్దాయన అడిగాడు, అంతే. రాననేవాళ్లను మాత్రం లాక్కురాకండి. కొట్టిన భర్తను, వదిలేసి వెళ్లిన తండ్రిని చివరి క్షణంలో క్షమించి తీరాలని భార్య మీదో కూతురి మీదో ఒత్తిడి పెట్టడం కూడా అన్యాయమే.

ఆయన దేవుడి మీద కోపంగా ఉన్నారు. ప్రార్థన వద్దంటున్నారు.

అయితే చేయకండి. కూర్చుని రండి, వచ్చే వారం మళ్లీ వెళ్లండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, ఆదరణ మాట ఒక్కటీ లేకుండా. దాన్ని కూడా దేవుడి వాక్యంలోనే ఉంచారు. యేసే "నన్నేల చేయి విడిచితివి" అని అరిచాడు. అలాంటప్పుడు మనింటి పెద్దాయన కోపానికి మనమెందుకు కంగారుపడాలి?

వెంటిలేటర్ వద్దనడం, తీసేయించడం పాపమా? చంపినట్టు కాదా?

ప్రాణం తీయడం వేరు, పోయే ప్రాణాన్ని యంత్రంతో లాగకుండా ఆపడం వేరు. పోపు పన్నెండవ పయస్ 1957లోనే డాక్టర్లతో మాట్లాడుతూ అసాధారణమైన వైద్యాన్ని తప్పనిసరిగా వాడాలన్న బాధ్యత లేదని చెప్పారు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో కూడా నేనెరిగిన కాపరులు ఇదే అంటారు. ప్రాణం పోవడానికి ఇంజెక్షన్ ఇవ్వడం మాత్రం ఎవరూ ఒప్పుకోరు, మన చట్టమూ ఒప్పుకోదు.

చట్టం సంగతి చెప్పాలంటే, సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో గౌరవంగా చనిపోయే హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పింది, ముందస్తు వైద్య నిర్దేశాన్ని, అంటే లివింగ్ విల్‌ను గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. ఆసుపత్రిలో రెండు మెడికల్ బోర్డులు చూసి నిర్ణయిస్తాయి. ఒంట్లో బాగున్నప్పుడే రాసుకుంటే పిల్లలు ఐసీయూ బయట నిలబడి ఒకరినొకరు నిందించుకునే పని ఉండదు. బిల్లు కట్టలేక తీసుకొచ్చేసి, "డబ్బు కోసం నాన్నను చంపుకున్నాం" అని ఏళ్ల తరబడి కుమిలిపోయే కొడుకులు ఉన్నారు. వాళ్లకు సంఘం మళ్లీ మళ్లీ చెప్పాలి, చంపింది జబ్బు, మీరు కాదు అని.

సంఘానికి స్థలం రాస్తానంటున్నారు. వీలునామాకు పాస్టర్‌గారు సాక్షి సంతకం పెట్టొచ్చా?

పెట్టకపోవడమే మంచిది. క్రైస్తవుల వీలునామాలకు 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఇద్దరు సాక్షులు కావాలి. సాక్షికి గానీ సాక్షి భార్యకో భర్తకో గానీ ఏదైనా రాసి ఉంటే ఆ రాసినది చెల్లదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే గొడవలు తగ్గుతాయి. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మతపరమైన, ధర్మపరమైన పనులకు ఆస్తి రాయాలంటే చావుకు కనీసం పన్నెండు నెలల ముందు రాసి ఉండాలని ఒకప్పుడు 118వ సెక్షన్‌లో ఉండేది, 2003లో సుప్రీంకోర్టు జాన్ వల్లమట్టం కేసులో దాన్ని కొట్టేసింది. చట్టం అడ్డు తీసేసినా మా అయ్యగారు మంచం దగ్గర ఆస్తి మాట రానివ్వరు. ఎవరైనా ఎత్తితే, "మీ పిల్లల్ని కూర్చోబెట్టి, లాయర్‌తో మాట్లాడండి" అని లేచి వచ్చేస్తారు. కాపరి చేతిలో బైబిల్ తప్ప ఇంకే కాగితమూ ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

పిల్లలు అమెరికాలో ఉన్నారు. రాలేకపోతున్నారు.

వీడియో కాల్ పెట్టండి, కానీ ఫోన్ ముఖం మీద పెట్టి "డాడీ, ఎవరో చెప్పు" అని పరీక్ష చేయకండి. చెవి దగ్గర పెట్టి, వాళ్లను మాట్లాడనివ్వండి. డాలస్ నుంచి ఒకబ్బాయి ప్రతి రాత్రీ ఒక కీర్తన పాడి వాయిస్ మెసేజ్ పంపేవాడు. ఇక్కడ చెల్లెలు తెల్లవారుజామున నాన్నకు వినిపించేది. అది అమెరికా నుంచి మనిషి వచ్చినంత పని చేసింది.

అమ్మానాన్నలే అక్కడ పిల్లల దగ్గరుంటే ఒక సంగతి తెలుసుకోండి. ఇక ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు రాస్తే మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లకు హాస్పిస్ సేవ దొరుకుతుంది, ఆ సేవలో ఆత్మీయ సలహా ఇచ్చేవాళ్లు, చాప్లిన్లు కూడా ఉంటారు. తెలుగు రాకపోయినా వాళ్లతో మాట్లాడి దగ్గర్లోని తెలుగు సంఘం కాపరిని రప్పించుకోవచ్చు. అడగడానికి మొహమాటపడకండి.

ఇంట్లో సగంమంది క్రైస్తవులు కారు. చివర్లో గొడవ అవుతుందేమోనని టెన్షన్.

నాకు తెలిసిన చాలా ఇళ్లలో ఒక అక్క చర్చికి, ఒక చెల్లి గుడికి వెళ్తారు. తమ్ముడి చేతికి తావళం ఉంటుంది, కానీ అక్క కోసం ఆసుపత్రికి పరిగెత్తేది అతనే. మంచం దగ్గర వాళ్ల నమ్మకాన్ని తక్కువచేసే మాట ఒక్కటీ రాకూడదు. ప్రార్థన ముందు "మీరూ ఉండండి, ఇష్టమైతేనే" అనండి. ఉంటారు. భూస్థాపనా, దహనమా అనేది మాత్రం పేషెంట్ నోటితో ముందే చెప్పించి, ఇద్దరు పెద్దల ముందు అనిపించండి. శవం ఇంట్లో ఉండగా మొదలయ్యే వాదన తరతరాలు మిగిలిపోతుంది.

చూసుకునేవాళ్లను ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, నేనే పెట్టాను. అందరూ పేషెంట్‌ని పలకరించి వెళ్తారు. డైపర్లు మార్చే కోడలు వంటింట్లో టీ కాస్తూ ఉంటుంది. ఆమె దగ్గరికి వెళ్లి "నువ్వు పడుకుని ఎన్నాళ్లయింది?" అని అడగండి. మా స్త్రీల సమాజంలో వంతులు వేసుకున్నాం. మంగళ, శుక్రవారాల్లో ఒకరు వెళ్లి మూడు గంటలు కూర్చుంటారు, ఆమె పడుకోవచ్చు, బజారుకెళ్లొచ్చు, ఏడవొచ్చు. కూర క్యారేజీ పంపేటప్పుడు గిన్నెలు తిరిగి ఇవ్వక్కర్లేనివి వాడండి.

చివరి గంటల్లో ఏం జరుగుతుంది? మేము ఏం చేయాలి?

తిండి, నీళ్లు తగ్గిపోతాయి. ఒళ్లు మూతపడుతున్నప్పుడు ఆకలి ఉండదు, ఆకలితో మాడ్చి చంపుతున్నామని బాధపడకండి. నిద్ర ఎక్కువవుతుంది. కాళ్లూ చేతులూ చల్లబడి మచ్చలు తేలతాయి. ఊపిరి కాసేపు ఆగి మళ్లీ వస్తుంది, గొంతులో గరగర శబ్దం వస్తుంది. అది మనకు భయంగా ఉంటుంది గానీ ఆ మనిషికి అంత బాధ తెలియదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే శబ్దం తగ్గుతుంది. చనిపోయినవాళ్లు కనిపిస్తున్నారని, "అమ్మ వచ్చింది" అని అనొచ్చు. దయ్యమని గద్దించకండి, "అవునా నాన్నా" అనండి.

చివరి గుక్క మనవడి చేత పోయించాలని పెద్దవాళ్లు చెంచాతో నీళ్లో పాలో పట్టుకొస్తారు. క్రైస్తవ ఇళ్లలో కూడా ఇది ఉంది. దయచేసి పోయకండి, మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దూదో, మెత్తటి గుడ్డో తడిపి పెదవులు తుడవమనండి. మనవడి చేత్తోనే తుడిపించండి, పెద్దవాళ్ల కోరికా తీరుతుంది.

వినికిడి చివరిదాకా ఉంటుందన్న నమ్మకంతోనే నడుచుకోండి. కాబట్టి ఆస్తి మాటలు, శవపేటిక బేరం గదిలో వద్దు. పాత కీర్తనలు మెల్లగా పాడండి, మైకు లేకుండా, డప్పు లేకుండా. మాట పోయి వారమైన ఒక తాతయ్య, చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్చుకున్న 23వ కీర్తన నేను చదువుతుంటే, "గాఢాంధకారపు లోయలో" దగ్గర పెదవులు కదిపాడు. "నువ్వు వెళ్లొచ్చు నాన్నా, అమ్మను మేము చూసుకుంటాం" అని చెప్పడం పిల్లలకు చాలా కష్టం. కానీ చెప్పండి. "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను" అని యేసు చెప్పిన మాటనే ఆయన తరఫున మీరు చెప్పండి. ప్రాణం పోయాక వెంటనే ఫోన్లు మొదలుపెట్టకండి, పది నిమిషాలు పక్కన ఉండండి.

కళ్లు దానం చేస్తే పునరుత్థానంలో ఎలా?

సముద్రంలో పోయినవాళ్లను, మంటల్లో కాలిపోయినవాళ్లను లేపే దేవుడికి ఇది కష్టం కాదు. ఆరు గంటల్లోపు ఐ బ్యాంకుకు చెప్పాలి. రెప్పలు మూసి తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టండి.

చందా బకాయి ఉందని సమాధుల తోటలో చోటు ఇవ్వనంటున్నారు.

ఇది విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. లెక్కల పుస్తకం ఆ రోజు తెరవకూడదు. సంఘ పెద్దలతో పోట్లాడాల్సి వస్తే మీరు కాదు, మీ తరఫున ఇంకెవరైనా పోట్లాడాలి. అయినా ముందు జాగ్రత్తగా, మనిషి బతికుండగానే సభ్యత్వం కాగితాలు చూసుకోండి. చోటు లేక దహనం చేయాల్సి వస్తే అదేం పాపం కాదు, కథోలిక సంఘం కూడా 1963 నుంచి ఒప్పుకుంటోంది.

ఆదరణ కూడిక అయిపోయింది. ఇక సంఘం పని అయిపోయినట్టేనా?

అక్కణ్నుంచే చాలా ఇళ్లు ఖాళీ అవుతాయి. పెట్టిన టెంటు, తెచ్చిన కుర్చీలు వెళ్లిపోతాయి, పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోతారు. రెండో నెలలో, మూడో నెలలో వెళ్లండి. మా అయ్యగారి డైరీలో చనిపోయిన తేదీలు రాసి ఉంటాయి, ఆ తేదీన ప్రతి నెలా ఫోన్ చేస్తారు. ఏడుస్తుంటే "పరలోకంలో ఉన్నారు కదా, ఏడవకూడదు" అనకండి. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. మొదటి క్రిస్మస్‌కు ఆ ఇంట్లో స్టార్ కట్టరు, పిండివంటలు చేయరు. ఆ రాత్రి క్యారల్స్ పార్టీ ఆ గుమ్మం ముందు ఆగాలా, దాటిపోవాలా అని పిల్లలు అడుగుతారు. ముందురోజే ఒకరు వెళ్లి ఆ ఇంటివాళ్లనే అడగండి. పోయిన ఏడాది ఒకావిడ, "రండి, పాడండి, కానీ ఆయనకిష్టమైన పాట వద్దు" అంది. మేము వెళ్లి వేరే పాట పాడాం.